సెలవుల్లో షటిల్ మొదలుపెట్టే ముందు చేతిని, పాదాన్ని కాస్త గమనించుకోండి

వేసవి సెలవులు రాగానే మా కాలనీ కోర్టు నిండిపోతుంది. ఏడాదంతా బ్యాట్ ముట్టనివాళ్లు మొదటి రోజే రెండు మూడు గంటలు ఆడేస్తారు. వారం తిరగకముందే ఒకరికి మోచేయి నొప్పి, ఇంకొకరికి చీలమండ వాపు. చాలావరకు తప్పించుకోగలిగినవే ఇవి.

మోచేతిని నడుముకు ఆనించి అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. అరచెయ్యి పైకి ఉన్నప్పుడు ముంజేతిలోని రెండెముకలూ పక్కపక్కన ఉంటాయి. బోర్లించగానే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా అడ్డం తిరుగుతుంది. తాళం తియ్యడం, ఊరగాయ సీసా మూత విప్పడం, తడిబట్ట పిండడం అన్నీ ఈ తిరుగుడే. స్మాష్‌ని అందరూ మణికట్టు దెబ్బ అంటారు గానీ, దానికి ఊపునిచ్చేది ఎక్కువగా భుజం, ముంజేయి తిరగడమే.

పిడికిలి బిగించి పట్టుకుంటే చెయ్యి సాఫీగా తిరగదు, భారం మోచేయి బయటివైపు పడుతుంది. వదులుగా పట్టుకుని, కాక్ తగిలేటప్పుడు మాత్రం బిగించండి. గ్రిప్ అరిగి జారుతుంటే తెలియకుండానే బిగించేస్తాం, కాబట్టి ముందు దాన్ని మార్చండి. మొదటి వారం రోజుకి అరగంట చాలు. మర్నాడు కాఫీ గ్లాసు ఎత్తుతుంటే మోచేయి చురుక్కుమంటే ఆ రోజు ఆట మానేయండి.

ఇక పాదం. నడకలో మడమ ఆనగానే పాదం కొంచెం లోపలికి ఒరిగి అదురును తట్టుకుంటుంది, ఆ తర్వాత గట్టిపడి నేలను తన్నుతుంది. ఈ ఒరగడం జబ్బు కాదు. తడికాలితో గచ్చు మీద నిలబడితే అరికాలి అచ్చు మొత్తం పడిందా? నొప్పి లేకపోతే టెన్షన్ పడక్కర్లేదు. భయపడాల్సింది అరికాలు లోపలికి మడతపడి, చీలమండ బయటివైపు బెణకడానికి. ఎత్తు మడమల రన్నింగ్ షూస్‌తో పక్కలకు దూకితే ఆ ప్రమాదం ఎక్కువ. పల్చటి రబ్బరు అడుగున్న షటిల్ షూసే వేసుకోండి. కోర్టులో పడున్న కాక్‌ని వెంటనే తీసేయండి, దాని మీద అడుగు పడితే కాలు మడతపడుతుంది.

బెణికితే మర్దనా వద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి. నాలుగు అడుగులు కూడా వెయ్యలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి.

ఇంకొకటి. కోర్టులోకి పరిగెత్తే చిన్నపిల్లల్ని ఒంటిచెయ్యి పట్టి పైకి లాగకండి. అయిదేళ్లలోపు పిల్లలకి మోచేతి దగ్గర ఆ తిరిగే ఎముక పట్టు తప్పవచ్చు. అప్పుడు బిడ్డ చెయ్యి వాడకుండా ఒంటికి ఆనించి ఉంచుకుంటుంది. మీరు తిప్పి చూడకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.