చూసుకునేవారికి తోడు – మూడవ పాఠం: రెండు గంటల విరామం

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించే స్థితి) ఉన్న మనిషిని ఇంట్లో చూసుకునేవారి మాటను, సలహాలతో అడ్డుపడకుండా, చివరిదాకా వినడం గత పాఠంలో అభ్యసించాము. ఈ పాఠంలో వారికి రెండు గంటల విరామం కల్పించడం నేర్చుకుందాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇలా చూసుకునే బంధుమిత్రులు సగటున రోజుకు 5 గంటలు సంరక్షణకే వెచ్చిస్తున్నారు. ఆ గంటల్లో 70 శాతం స్త్రీలవి.

"ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అని మనం మంచి మనసుతోనే అంటాము. అయితే, అప్పటికే అలసిపోయిన మనిషి తనకేం కావాలో ఆలోచించుకొని, మొహమాటం విడిచి నోరు తెరిచి అడగవలసిన భారం కూడా ఆ మాటతో ఆమె మీదనే పడుతుంది. దానికి బదులు "గురువారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేను నాన్నగారి దగ్గర కూర్చుంటాను, మీరు నిద్రపోండి" అని ఏ రోజో, ఏ వేళో తేల్చి చెప్పండి. సాయంత్రం వేళ చాలామందిలో కలవరం పెరుగుతుంది కనుక మొదట్లో ఉదయమే మేలు. ఆమె "వద్దులెండి" అంటే నొచ్చుకోకండి. విడిచి వెళ్తే తప్పు చేసినట్టవుతుందన్న భయం ఆ మాట వెనుక ఉండవచ్చు. వారం ఆగి మళ్లీ అడగండి.

మొదటిసారి ఆమె ఇంట్లో ఉండగానే వెళ్లి కూర్చోండి. ఆయనను ఏమని పిలవాలి, ఏ మాటకు కంగారు పడతారు, మింగడానికి ఇబ్బంది ఉందా, తలుపు తీసుకొని బయటికి వెళ్లిపోయే అలవాటు ఉందా అన్నవి అడిగి రాసుకోండి.

ఆయన పదే పదే "మా అమ్మ ఏది?" అని అడగవచ్చు. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ వ్యాధిలో తొలిదశలోనే దెబ్బతింటుంది కాబట్టి మీరిచ్చిన జవాబు నిలవకపోవచ్చు గాని, ఆ జవాబు కలిగించిన బాధ, మాట మరచిపోయాక కూడా కొంతసేపు ఉండిపోగలదు. తల్లి ఏనాడో చనిపోయిందని గుర్తుచేస్తే ఆయనకు ఆ దుఃఖం ప్రతిసారీ కొత్తదే. "అమ్మ గుర్తొచ్చారా? ఆవిడ ఎలా ఉండేవారు?" అని అడిగి, చెప్పేది వినండి.

కొద్ది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో అయోమయం హఠాత్తుగా పెరిగితే మాత్రం దానిని డిమెన్షియా ముదరడంగా భావించి ఊరుకోకూడదు. మూత్రకోశ ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా వేసిన మందు వంటివి కారణం కావచ్చు కాబట్టి వెంటనే వైద్యులకు చూపించాలని ఆమెకు చెప్పండి.

ఆమె తిరిగి వచ్చిన క్షణం ఈ పాఠంలో అన్నిటికంటే సున్నితమైనదని నా అభిప్రాయం. "నాతో చక్కగానే ఉన్నారే!" అని ధైర్యం చెప్పబోతాము. బయటివారి ఎదుట కాసేపు కుదురుగా ఉండడం ఈ స్థితిలో తరచుగా కనిపించేదే. అది తెలియక అన్న ఆ ఒక్క మాటతో, రాత్రంతా మేలుకొన్న మనిషికి తన కష్టాన్ని ఎవరూ నమ్మడం లేదనిపిస్తుంది. ఏం తిన్నారో, ఏం మాట్లాడారో చెప్పి, మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పండి.

అభ్యాసం: మీకు తెలిసిన అటువంటి ఒక్కరిని తలచుకొని, ఏ రోజో, ఏ వేళో తేల్చిన వాక్యం ఒకటి రాసి, ఈ వారంలోనే వారితో ఆ మాట అనండి. వారు ఏమన్నారో, మీరు ఏమని బదులిచ్చారో ఉన్నదున్నట్టు రాసుకోండి. నాలుగవ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.