ఇంగ్లండ్ పల్లెలో ఇల్లు తీసుకుంటున్నారా? ఈమ్ ఊరి నుంచి కొన్ని మాటలు

షెఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది, సిటీలో కాకుండా దగ్గర్లో ఏదైనా పల్లెలో ఉందామనుకుంటున్నాం అని మనవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. డర్బీషైర్ కొండల్లో ఉన్న ఈమ్ ఊళ్లో మేం నాలుగేళ్లుగా కాపురం ఉంటున్నాం. స్పెల్లింగ్ చూస్తే 'ఎయామ్' అని చదవాలనిపిస్తుంది కానీ ఊళ్లో అందరూ 'ఈమ్' అనే అంటారు. ముందు ఆ పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గదులు ఎన్ని అని కాదు, ఇల్లు వేడెక్కేది దేంతో అని అడగండి. చాలా పల్లెలకు గ్యాస్ పైపు ఉండదు. పెరట్లో ట్యాంకు ఉంటుంది, హీటింగ్ ఆయిల్ మనమే ఆర్డర్ పెట్టి పోయించుకోవాలి. మామూలుగా 500 లీటర్లకు తక్కువైతే తెచ్చి పోయరు. మేం మొదట దిగిన పల్లెలో ఈ లెక్క తెలియక డిసెంబర్లో ట్యాంకు ఖాళీ అయింది. లారీ వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. చంటిపిల్లతో ఒకే గదిలో, ఒకే కరెంటు హీటర్ ముందు గడిపాం. ఆ టెన్షన్ మీకొద్దు. సెప్టెంబర్లోనే నింపించుకోండి.

రాతి గోడల పాత ఇళ్లలో తేమ ఇంకో బాధ. కుక్కర్ పెట్టినా, పోపు వేసినా కిటికీ కాస్త తీసి ఉంచండి. బట్టలు హాల్లో ఆరేస్తూ పోతే గోడ మూలల్లో నల్లటి బూజు పడుతుంది. పైగా ఇది పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్. 1951లో ఏర్పాటైన, బ్రిటన్‌లోనే మొట్టమొదటి నేషనల్ పార్క్. పాత ఇళ్ల కిటికీలు మార్చాలన్నా, గోడకు డిష్ బిగించాలన్నా అనుమతి కావాల్సి రావచ్చు. ఓనర్‌ను అడగకుండా మేకు కూడా కొట్టకండి.

మాట తీరుకు త్వరగానే అలవాటు పడతారు. దారిలో పెద్దాయన ఎవరైనా 'ఏయప్, మీ డక్' అంటే అది ఆప్యాయంగా చేసే పలకరింపు. 'యూ ఆల్రైట్?' అని అడిగితే మన ఆరోగ్యం సంగతి చెప్పక్కర్లేదు, మళ్లీ అదే మాట అంటే చాలు. సాయంత్రం 'టీ'కి రమ్మంటే అది రాత్రి భోజనం. ఇంట్లో తినేసి వెళ్లకండి, బాధపడతారు. కరివేపాకు, కందిపప్పు కోసం షెఫీల్డ్ వెళ్లాల్సిందే. కూరగాయలకు సోమవారం బేక్‌వెల్ సంత బాగుంటుంది. ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఒక్కరే ఉంటే కౌన్సిల్ ట్యాక్స్‌లో, అంటే స్థానిక కౌన్సిల్ వేసే ఇంటి పన్నులో, 25 శాతం తగ్గుతుంది, దానికి మనమే అప్లై చేసుకోవాలి.

ఇక ఈ ఊరి కథ. ఇది తెలియకుండా ఇక్కడ ఉండొద్దని నా గట్టి అభిప్రాయం. 1665లో లండన్ నుంచి ఊరి దర్జీకి బట్టల మూట వచ్చింది. అది తడిగా ఉందని విప్పి మంట దగ్గర ఆరబెట్టిన పనివాడు జార్జ్ వికార్స్ సెప్టెంబర్లో, కొద్దిరోజుల్లోనే చనిపోయాడు. ఆ మూటతోనే ప్లేగు వచ్చిందని చెబుతారు. మరుసటి ఏడు జూన్‌లో చర్చి పెద్ద విలియం మాంపెసన్, అంతకుముందు అదే పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ, మతం విషయంలో పడకపోయినా చేతులు కలిపారు. జబ్బు పక్క ఊళ్లకు పాకకుండా ఎవరూ పొలిమేర దాటకూడదని ఊరిని ఒప్పించారు. చర్చికి తాళం వేసి, ప్రార్థనలు ఆరుబయట లోయలో పెట్టారు. 14 నెలల్లో దాదాపు 260 మంది పోయారు. మాంపెసన్ భార్య కేథరిన్ కూడా పోయింది. ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ 8 రోజుల్లో భర్తను, ఆరుగురు పిల్లలను పూడ్చుకుంది. ఊరికి కాస్త అవతల పొలంలో, చుట్టూ రాతి గోడ కట్టిన ఆ సమాధులను చూసి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

స్టోనీ మిడిల్టన్ వైపు నడిస్తే పొలిమేర రాయి కనిపిస్తుంది. దాని మీద చిన్న చిన్న గుంతలుంటాయి. అప్పట్లో డబ్బుల ద్వారా జబ్బు అంటకూడదని ఈ గుంతల్లో వెనిగర్ పోసి, అందులో డబ్బులు వేసేవారు. పక్క ఊరివాళ్లు తిండి సరుకులు అక్కడ ఉంచి ఆ డబ్బులు తీసుకుని వెళ్లేవారు. వేలు పెట్టి చూడండి, అంచులు నున్నగా అరిగి ఉంటాయి. చర్చి పక్కన ప్లేగు ఇళ్ల ముందు చనిపోయినవారి పేర్లతో బోర్డులుంటాయి. చుట్టాలొస్తే తప్పకుండా చూపించండి. కానీ ఆ ఇళ్లలో ఈ రోజుకీ జనం కాపురాలుంటున్నారు. కిటికీల్లోంచి తొంగిచూడటం, గుమ్మంలో నిలబడి ఫొటోలు దిగడం వద్దు.

ఆ రాయి దాకా వెళ్లేది పొలాల మధ్య బాటలోనే. 'పబ్లిక్ ఫుట్‌పాత్' అని గుర్తున్న అలాంటి బాటల్లో ఎవరైనా నడవొచ్చు. గేటు ఎలా ఉందో అలాగే వదలండి: మూసి ఉంటే మూసి, తీసి ఉంటే తీసి. వసంతంలో గొర్రెలు ఈనే కాలం, కుక్కను తాడు విప్పి వదలకండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవండి. డిసెంబర్లో నాలుగు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి మెరిసే జాకెట్ కొనుక్కోండి.

ఆగస్టు చివరి ఆదివారం ప్లేగు సండే, చనిపోయినవాళ్లను తలుచుకునే రోజు. దానికి దగ్గర్లోనే బావుల అలంకారం జరుగుతుంది, అంటే పూలతో బొమ్మలు పేర్చిన పలకలను ఊరి బావుల దగ్గర నిలబెడతారు. పెద్ద చెక్క పలకలను నీళ్లలో నానబెట్టి, వాటి మీద తడి బంకమట్టి పరుస్తారు. కాగితం మీది బొమ్మను మట్టి మీదికి గుచ్చి దించుతారు. అంచులకు కాఫీ గింజలు, ఆల్డర్ చెట్టు కాయలు. లోపలంతా పూరేకులు, కింది నుంచి పైకి, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి. అలా అయితే వాన పడ్డా నీళ్లు జారిపోతాయి. మొదటి ఏడు ఆ పని జరిగే చోట నేను మొహమాటంగా గుమ్మం దగ్గరే నిలబడితే, ఒక పెద్దావిడ ఏమీ అడగకుండా నా దోసిట్లో నీలం హైడ్రేంజియా రేకులు పోసి పక్కన చోటిచ్చింది. బతుకమ్మ పేర్చిన వేళ్లకు ఆ పని కొత్తగా అనిపించలేదు. మూడు గంటలు కదలకుండా కూర్చున్నాను. ఇప్పుడు దుకాణంలో కనపడితే నన్ను పేరుతో పిలుస్తుంది.

ఈ అలంకారం పని ఎప్పుడో తెలియాలంటే ఆగస్టు మొదలవగానే ఊరి నోటీసు బోర్డు చూస్తూ ఉండండి. మట్టి అంటుతుంది, పాత బట్టలు వేసుకెళ్లండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, సన్న రేకులు వాళ్ల వేళ్లకే బాగా కుదురుతాయి.