మిద్దె మీద డబుల్స్ సర్వీసు: మథియాస్ బో ఆట చూసి సాధన చేయాల్సింది

కర్నూలు, అనంతపురం, కడప, ఏ ఊరి షటిల్ కోర్టుకు పోయినా పొద్దున్నే వినిపించేది స్మాష్‌ల మోతే. సర్వీసును మాత్రం షటిల్ అవతల పడితే చాలన్నట్టు వేసేస్తారు. డబుల్స్‌లో పాయింట్లు చేజారేది ఎక్కువగా అక్కడే. సర్వీసు, దానికి వచ్చే జవాబు, ఆ జవాబుకు మనం కొట్టే దెబ్బ, ఈ మూడింటిలోనే పాయింటు ఎటు పోతుందో చాలాసార్లు తేలిపోతుంది.

ఇది కళ్లకు కట్టాలంటే డెన్మార్క్ బ్యాడ్మింటన్ ఆటగాడు మథియాస్ బో ఆట చూడాలి. 1980లో పుట్టాడు, ఎడమచేతి వాటం. కార్‌స్టెన్ మోగెన్సెన్‌తో జోడీ కట్టి 2011లో, 2015లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాడు. 2012 లండన్ ఒలింపిక్స్ ఫైనల్లో చైనా జోడీ కాయ్ యున్, ఫు హైఫెంగ్ చేతిలో ఓడి రజతం తెచ్చుకున్నాడు. ఆ జోడీలో వెనక నుంచి బలంగా బాదే పని ఎక్కువగా మోగెన్సెన్‌ది, నెట్ దగ్గర కాచుకుని అడ్డుకునే పని బోది. 2020లో రిటైరై, 2021 నుంచి పారిస్ ఒలింపిక్స్ దాకా మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్‌కు, చిరాగ్ శెట్టికి కోచ్‌గా ఉన్నాడు. వాళ్లిద్దరూ 2023లో హాంగ్‌జౌలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది ఆయన శిక్షణలోనే.

ఒక జాగ్రత్త. బో గెలిచిన పాత మ్యాచ్‌ల వీడియోలు చూసి సర్వీసు ఎత్తు నేర్చుకోవద్దు. అప్పటి నిబంధన ప్రకారం షటిల్ సర్వీసు చేసేవాడి నడుం కింద, అంటే చివరి పక్కటెముక కన్నా కింద, ఉంటే చాలు. 2018 నుంచి కొలత అందరికీ ఒకటే. దెబ్బ తగిలే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపు ఉండాలి, అంటే 3 అడుగుల 9 అంగుళాల పైన పావు అంగుళం. పొడుగు మనిషి పాత పద్ధతిలో వేస్తే ఇప్పుడు ఫాల్ట్, అంటే తప్పు సర్వీసు, అవుతుంది.

సర్వీసు సాధనకు కోర్టు అద్దెకు తీసుకోనక్కర్లేదు, మిద్దె చాలు. నెట్ నుంచి షార్ట్ సర్వీసు లైన్, అంటే సర్వీసు కనీసం చేరాల్సిన ముందు గీత, 1.98 మీటర్లు, ఆరున్నర అడుగులు. అటూ ఇటూ కలిపి 13 అడుగులు, నిలబడటానికి చెరో రెండడుగులు వేసుకుంటే 17 అడుగుల పొడవు సరిపోతుంది. బట్టలారేసే తాడును మధ్యలో సరిగ్గా 5 అడుగుల ఎత్తులో బిగించి కట్టండి. అసలు నెట్ మధ్యలో ఉండే ఎత్తు అదే. దానికి 8 అంగుళాల పైన ఇంకో తాడు కట్టండి. రెండు లైన్లూ సుద్దముక్కతో గీసి, అవతలి లైన్‌కు ఆనించి, దాని వెనక వైపు ఒక చాట పెట్టండి, అదే మీ గురి. మీరు నిలబడే చోటు పక్క గోడ మీద 1.15 మీటర్ల దగ్గర బొగ్గుతో గీత గీయండి. మిద్దె మీద కడప బండలు పరిచి ఉంటే దుమ్ము ఊడ్చి, రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. ఆ బండ జారుతుంది, గట్టిది కూడా. దాని మీద సర్వీసు వరకే. ఎగరడం, పరుగెత్తడం మొదలుపెడితే దెబ్బ మోకాళ్ల మీద పడుతుంది.

ఇక వేసే తీరు. కుడిచేతి వాటమైతే కుడికాలు ముందు, లైన్‌కు బెత్తెడు వెనక. రెండు పాదాలూ దెబ్బ పడేదాకా కదలకూడదు. పిడిని పైకి, కడ్డీకి దగ్గరగా పట్టుకుని, బొటనవేలిని వెడల్పు పక్క మీద ఆనించండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలుతో ఈక చివరను మాత్రమే పట్టుకోవాలి. బెండు రాకెట్ వైపు తిరిగి, రాకెట్‌కు నాలుగంగుళాల దూరంలో ఉండాలి. అక్కడి నుంచి బొటనవేలితో నెట్టడమే, మణికట్టు విదిలించొద్దు. ముందుకు కదిలిన రాకెట్ మధ్యలో ఆగకూడదు, ఆగితే ఫాల్ట్. వేళ్లతో షటిల్‌ను తిప్పి వదలడం కూడా 2023 నుంచి చెల్లదు.

మంచి సర్వీసును పక్క నుంచి చూస్తే తేడా తెలుస్తుంది. వేళ్ల నుంచి వదిలిన షటిల్ బెండు ముందుకు తిరిగి, తాడుకు ఇవతలే, మీ వైపునే, తన పూర్తి ఎత్తుకు చేరుకుంటుంది. తాడు దాటేటప్పటికే కిందికి వాలుతూ ఉంటుంది. అలా వాలే షటిల్‌ను అవతలివాడు పైనుంచి బాదలేడు, ఎత్తాల్సిందే. తాడు దాటాక కూడా పైకే పోతుంటే సర్వీసు చెడినట్టే, అతను ముందుకు దూకి ముఖం మీదికి కొడతాడు.

షటిల్ పైకి లేచిపోతోందంటే రెండే కారణాలు. మణికట్టు విదిలించడం ఒకటి. షటిల్‌ను ముందే వదిలేసి, అది పడుతుండగా కిందనుంచి తట్టడం రెండోది. వేళ్లలో ఉండగానే తగిలిస్తే రెండోది పోతుంది. నెట్‌కు తగులుతుంటే, చాలామంది భయపడి బలం పెంచుతారు. అది తప్పు. షటిల్‌ను మరీ కిందికి పట్టుకున్నారేమో గోడ మీది గీతతో పోల్చి, ఆ గీత దాటకుండా కొద్దిగా పైకి తెచ్చుకోండి. ఊగుతూ పోతుంటే మీ తప్పు కాదు, ఈక విరిగింది, దాన్ని పక్కన పడేయండి.

20 షటిళ్లు ఒక దఫా, రోజుకు 5 దఫాలు. రెండు తాళ్ల మధ్య నుంచి పోయి చాటలోనో దాని పక్కనో పడినవే లెక్క. 20కి 14 వరసగా మూడు రోజులు వచ్చాక పై తాడును 6 అంగుళాలకు దించండి.

తర్వాతది మూడో దెబ్బ. దీన్ని మన దగ్గర దాదాపు ఎవరూ సాధన చేయరు. సర్వీసు వేసి, షటిల్ ఎక్కడ పడిందా అని రాకెట్ దించి చూస్తారు, ఆలోపు జవాబు పక్క నుంచి దూసుకుపోతుంది. సర్వీసు వేసిన చెయ్యి అక్కడి నుంచే రాకెట్‌ను నెట్ పై అంచు ఎత్తుకు లేపాలి. వెనక్కి అడుగు వేయొద్దు. తాడు అవతల ఒకరిని నిలబెట్టి, మీ సర్వీసు పడగానే చేత్తో ఇంకో షటిల్‌ను కుడికో ఎడమకో మీ ఒంటి మీదికో విసరమనండి. మీరు రాకెట్‌ను చిన్నగా తోస్తే చాలు, వెనక్కి లాగి కొట్టేంత సమయం ఉండదు.

బో, మోగెన్సెన్‌లలాగా మీ జోడీలో ఒకరిది ఎడమచేతి వాటమైతే పక్కపక్కన నిలబడి కాచుకునేటప్పుడు ఒక మాట ముందే అనుకోండి. ఎడమచేతివాడు ఎడమ సగంలో ఉంటే ఇద్దరి ఫోర్‌హ్యాండ్‌లూ (అరచేతి వైపు దెబ్బలు) బయటి గీతల వైపు, బ్యాక్‌హ్యాండ్‌లు (చేతి వెనక వైపువి) మధ్యలో ఉంటాయి. ప్రత్యర్థి మధ్యలోకే కొడతాడు. స్మాష్ చేసేవాడికి ఎదురుగా ఉన్నవాడు గీత చూసుకుని, మూలగా ఉన్నవాడు మధ్యకు జరగాలి. మూలకు వచ్చే షటిల్‌కు దూరం ఎక్కువ కాబట్టి అతనికి తిరిగి వెళ్లే సమయం ఉంటుంది.

షటిళ్ల సంగతి. ఏప్రిల్, మే ఎండల్లో గాలి పలచబడి షటిల్ ఎక్కువ దూరం పోతుంది. నైలాన్‌వైతే ఆకుపచ్చ పట్టీవి కొనండి, అవి నెమ్మదివి. ఎరుపు పట్టీవి వద్దు. ఈకలవైతే డబ్బా మీద వేగం అంకె 77కు బదులు 76 చూడండి. మన పొడి గాలికి ఈకలు పెళుసై రెండు గేములకే విరుగుతాయి. ముందురోజు రాత్రి డబ్బా రెండు మూతలూ తీసి, మరిగే నీళ్ల ఆవిరి మీద జానెడు ఎత్తులో పది సెకన్లు ఉంచి, మూతలు పెట్టి పక్కన పెట్టేయండి. ఆవిరి ఈకల వైపు నుంచి వెళ్లాలి, బెండు వైపు కాదు. ఎక్కువసేపు పెడితే జిగురు వదులై ఈకలు ఊగుతాయి. ఆషాఢం గాలి మొదలయ్యాక మిద్దె పనికిరాదు, తాళ్లను వసారాలోకి మార్చుకోండి.