వాల్చినా చతురస్రం చతురస్రమే

కోఠిలో దొరికే షేపుల చార్టుల్లో త్రిభుజం దాదాపు ఎప్పుడూ నేల మీద బుద్ధిగా కూర్చునే ఉంటుంది. పిల్లలు ఆ బొమ్మనే బట్టీ పట్టేస్తారు, అందుకే చతురస్రాన్ని కాస్త వాల్చి చూపిస్తే "అది పతంగి" అంటారు. మనం పేర్లు నేర్పాం గానీ భుజాలు, మూలల జోలికి పోలేదు మరి.

చార్టు పక్కన పెట్టి పాత అట్టపెట్టె ఒకటి తీసుకోండి. సన్నగా సాగిన త్రిభుజం, తలకిందుల త్రిభుజం, వీటితో పాటు ఒక పక్క వంపు తిరిగిన దొంగ త్రిభుజం కూడా కత్తిరించి "వీటిలో త్రిభుజాలేవి?" అని అడగండి. జవాబు వచ్చాక "ఎందుకు?" అని అడగడం మర్చిపోవద్దు, అసలు పాఠం అక్కడే ఉంది. సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు రోడ్డు బోర్డులు చూపించండి: దారి ఇవ్వమనే బోర్డు తలకిందుల త్రిభుజం, స్టాప్ బోర్డుకి 8 భుజాలు. మన ట్రాఫిక్‌లో లెక్కపెట్టడానికి టైముకేం కొదవ లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది కొబ్బరి చీపురు పుల్లల ఆట. పది సెంటీమీటర్ల ముక్కలు విరిచి, మూలల్లో చపాతీ పిండి ఉండలు పెట్టి గుచ్చమనండి. మూడు పుల్లల త్రిభుజాన్ని పక్కకి నెట్టినా కదలదు, నాలుగు పుల్లల చతురస్రం మాత్రం ఇట్టే ఒరిగిపోతుంది. అప్పుడు ఆపి అడగండి, పుల్లల పొడుగు మారిందా? మారలేదు, మూలలే మారాయి. అంటే చతురస్రానికి భుజాలు సమానంగా ఉంటే చాలదు, మూలలు కూడా తిన్నగా, అంటే లంబకోణంలో ఉండాలి. ఎదురెదురు మూలల మధ్య పద్నాలుగు సెంటీమీటర్ల పుల్ల అడ్డంగా గుచ్చితే అది మళ్ళీ గట్టిపడుతుంది, ఎందుకంటే ఇప్పుడు లోపల రెండు త్రిభుజాలున్నాయి. హైటెన్షన్ కరెంటు టవర్లలో అన్ని అడ్డపట్టీలు ఎందుకున్నాయో ఆ తర్వాత చూపిస్తే వాళ్ళే చెప్తారు.

మూల తిన్నగా ఉందో లేదో చూడటానికి ఏ కాగితం ముక్కైనా సరే, ఒకసారి మడిచి, ఆ మడత అంచు దాని మీదికే వచ్చేలా ఇంకోసారి మడవండి. వచ్చిన కొసతో తలుపు, క్యారమ్ బోర్డు, టైల్స్ అన్నీ కొలుచుకుంటూ తిరుగుతారు. చతురస్రం కాగితాన్ని మూల నుంచి మూలకి మడిస్తే అంచులు కలుస్తాయి, న్యూస్‌పేపర్‌ని అలా మడిస్తే కలవవు (పెద్దవాళ్ళలోనూ చాలామంది కలుస్తాయనే అనుకుంటారు, పందెం కాయొచ్చు). "రెండు పొడుగు, రెండు పొట్టి ఉంటేనే దీర్ఘచతురస్రం" అని మాత్రం చెప్పకండి, పెద్ద క్లాసుల్లో చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే అన్నప్పుడు తికమక పడతారు. నాలుగు తిన్నని మూలలు అంటే చాలు.

వృత్తానికి మూలల్లేవు, అది త్వరగానే అర్థమవుతుంది. అట్టలో రెండు కన్నాలు కోసి, ఒకటి గుండ్రంగా, ఒకటి చదరంగా, వాటికన్నా కాస్త పెద్ద మూతలు చేసివ్వండి. చదరపు మూతని నిలబెట్టి మూల నుంచి మూలకి జార్చితే లోపల పడిపోతుంది, గుండ్రటిది ఎటు తిప్పినా పడదు. ఈసారి రోడ్డు మీద గుండ్రటి మ్యాన్‌హోల్ మూత కనిపిస్తే ప్రశ్న మీరు అడగండి.