వంటింటికి ఏ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొనాలి?

షాపుకెళ్లి ఇంటికి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కావాలని అడిగితే మామూలుగా ఏబీసీ పౌడర్ (పలు రకాల మంటలకు వాడే పొడి మందు) సిలిండరే ఇస్తారు. గుడ్డలు, చెక్క, కరెంటు మంటలకు అది బాగానే పనిచేస్తుంది. కానీ వంటింట్లో అసలు భయమంతా బాణలిలో కాగే నూనెతోనే. అందుకే కొనేముందు ఆ మంట సంగతి తెలియాలి.

1. నూనె మంట తీరు తెలుసుకోండి

గారెలకని పొయ్యి మీద నూనె పెట్టి, ఫోన్ మోగితే అవతలికి వెళ్తాం. నూనె ముందు సన్నగా పొగలు కక్కుతుంది, తర్వాత ఘాటు వాసన వస్తుంది. వేడి సుమారు 350 డిగ్రీలు దాటితే మంట తగలకుండానే భగ్గుమంటుంది. అప్పుడు నీళ్లు పోశారా, ఆ నీళ్లు నూనె అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి. మండే నూనె పైకప్పు దాకా ఎగురుతుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. పౌడర్ మంటను ఆర్పినా నూనెను చల్లార్చదు కాబట్టి మళ్లీ అంటుకోవచ్చు. సీఓటూ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) సిలిండర్‌తోనూ అంతే, పైగా దాని విసురుకు నూనె చిందుతుంది.

2. లేబుల్ చదవండి

డబ్బా రంగు చూసి కొనొద్దు. 'వెట్ కెమికల్' అని, దానితోపాటు 'ఎఫ్' లేదా 'కె' తరగతి అని ఉండాలి. రెండింటి అర్థం ఒకటే: వంటనూనె మంటలు. ఇందులోని పొటాషియం లవణాల ద్రావణం వేడి నూనెతో కలిసి సబ్బు నురగలాంటి పొర కడుతుంది. గాలి తగలనివ్వదు, నూనెనూ చల్లబరుస్తుంది.

టిఫిన్ సెంటర్, కర్రీ పాయింట్ నడిపేవాళ్లు దీని విషయంలో రాజీ పడకూడదు. ఇంట్లో ఒక్కటే కొనగలిగితే, నా మాటగా, మిగతా మంటలకు 2 కిలోల ఏబీసీ తీసుకుని, నూనె మంటకు బాణలికి సరిపోయే లోహపు మూత పొయ్యి పక్కనే ఉంచండి. నూనె అంటుకోగానే స్టవ్ కట్టేసి, మూతను పక్క నుంచి జరుపుతూ కప్పి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి.

3. కొనేటప్పుడు

ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 (ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ల ప్రమాణం) నంబరు చూడండి. లైసెన్సు నంబరు అసలుదో కాదో ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో తెలుస్తుంది. ప్రెషర్ గేజ్ ఉన్నదైతే ముల్లు పచ్చ గీతలో ఉండాలి. ఇంట్లో అమ్మో అత్తయ్యో ఎత్తగలరా అన్నది షాపులోనే ఎత్తి చూడండి.

4. తగిలించే చోటు

పొయ్యి పైన వద్దు, మంట దాటి చేయి చాపాల్సి వస్తుంది. వంటింటి గుమ్మం దగ్గర మేలు.

5. గ్యాస్ మంటైతే

చేయి పెట్టే వీలుంటే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. గ్యాస్ వస్తుండగా మంట ఒక్కటే ఆర్పితే అది గదినిండా పేరుకుని పేలొచ్చు. వీలు కాకపోతే అందరినీ బయటికి పంపి 101కు ఫోన్ చేయండి. గ్యాస్ లీకేజీకి 1906.

6. వాడాక

కొంచెమే కొట్టినా మళ్లీ నింపించండి. వాల్వులో పౌడర్ ఇరుక్కుని ప్రెషర్ మెల్లగా దిగిపోతుంది.