ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్: జట్టు ఖాళీలను బట్టి ఎంపికలకు ప్రణాళిక వేసుకునే విధానం

ఐపీఎల్ వేలానికి అలవాటుపడిన మనకు అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ పద్ధతి మొదట కొత్తగా కనిపిస్తుంది. అక్కడ ఎక్కువ పాట పాడినవారికి ఆటగాడు దక్కడు. కాలేజీ ఫుట్‌బాల్ నుంచి వచ్చే కుర్రాళ్లను 32 జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఏ జట్టు ముందుగా పేరు చెబితే, ఆ ఆటగాడితో ఒప్పందం చేసుకునే హక్కు ఆ జట్టుకే ఉంటుంది. గత సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి వంతు, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచిన జట్టుది రౌండ్‌లో చివరి వంతు. బలహీనమైన జట్లు కోలుకునే అవకాశం ఉండాలని ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు చెందిన బెర్ట్ బెల్ ప్రతిపాదించగా 1936లో మొదలైన ఈ ఏర్పాటు, ఇప్పుడు ఏటా ఏప్రిల్ చివరలో మూడు రోజులపాటు, ఏడు రౌండ్లలో, 250కి పైగా ఎంపికలతో సాగుతోంది.

అమెరికాలో స్థిరపడి అక్కడి జట్టునే సొంత జట్టుగా చేసుకున్న తెలుగువారిలో, డ్రాఫ్ట్‌కు ముందు తమ జట్టు ఎవరిని తీసుకోవాలో సొంతంగా లెక్క వేసి చూసుకునేవారికి ఈ వ్యాసం ఉపయోగపడుతుందని నా ఆశ. ఆ లెక్కల్లో తరచుగా కనిపించే పొరపాటు ఒకటుంది. జట్టులో ఎక్కడ ఖాళీ ఉందో చూసి, దానిని మొదటి రౌండ్ ఎంపికతో నింపేస్తారు. తరువాతి ఖాళీని రెండో రౌండ్‌కు కేటాయిస్తారు. ఖాళీలను పూడ్చవలసిన సమయం ఏప్రిల్ కాదు, మార్చి. మార్చిలో ఆ పని సరిగా జరిగితేనే, ఏప్రిల్‌లో మన వంతు వచ్చినప్పుడు మిగిలినవారిలో అందరికంటే మంచి ఆటగాడిని నిర్భయంగా తీసుకోగలుగుతాము.

ముందు చిట్టా రాయాలి

సీజన్‌లో జట్టుకు 53 మంది ఉంటారు. ప్రాక్టీస్ స్క్వాడ్ దానికి అదనం. ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క వరుస గీసి, అందులో ప్రధాన ఆటగాడెవరు, అతని వయసెంత, ఒప్పందం ఏ సంవత్సరంతో ముగుస్తుంది, శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే పరిమితి) అతని వాటా ఎంత, గాయాల చరిత్ర ఏమిటి, అతను లేని రోజున ఎవరు ఆడతారు అన్న వివరాలు రాసుకోవాలి. చివరి ప్రశ్నకు జవాబు దొరకని స్థానాలు చాలా జట్లలో ఉంటాయి, అభిమానులకు అవి గాయం తగిలే వరకు కనిపించవు.

ఈ చిట్టాను ఈ సంవత్సరానికి మాత్రమే రాస్తే చాలదు, వచ్చే రెండు సంవత్సరాలకు కూడా రాయాలి. డ్రాఫ్ట్‌లో ఎంపికైన ప్రతి ఆటగాడి తొలి ఒప్పందం నాలుగేళ్లు ఉంటుంది, మొదటి రౌండ్ వారికి అయిదో సంవత్సరాన్ని పొడిగించుకునే హక్కు జట్టుకు అదనంగా ఉంటుంది. కాబట్టి ఎంపిక అంటే ఒక్క సీజన్ అవసరం తీర్చే కొనుగోలు కాదు. గ్రీన్ బే ప్యాకర్స్ 2005లో 24వ ఎంపికతో ఆరన్ రాడ్జర్స్‌ను తీసుకున్నప్పుడు, ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) స్థానంలో బ్రెట్ ఫావ్ర్ ఉన్నాడు. రాడ్జర్స్ 2008 వరకు ప్రధాన ఆటగాడు కాలేదు. అదే జట్టు 2020లో 30వ స్థానం నుంచి 26కు ఎగబాకి మరో క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ లవ్‌ను తీసుకుంది, అతని వంతు 2023లో వచ్చింది. ఆ రెండు రోజుల్లోనూ ఆ స్థానంలో ఖాళీ లేదు. రెండేళ్లో మూడేళ్లో ముందుకు చూసిన చిట్టాలో మాత్రం ఉంది.

మార్చిలో చేయవలసిన పని

ఒప్పందాలు ముగిసిన ఆటగాళ్లు స్వేచ్ఛగా జట్టు మారే ఫ్రీ ఏజెన్సీ మార్చి మధ్యలో మొదలవుతుంది. ఇందులో పెద్ద తారను తెచ్చుకోవడం కంటే, ప్రతి స్థానంలోనూ కనీసం పరవాలేదనిపించే ఒకడిని నిలబెట్టుకోవడం ముఖ్యం. ఈ పాఠానికి కాన్సస్ సిటీ చీఫ్స్ వరుసగా రెండేళ్లు చేసిన పని కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు, అందుకే దాన్ని కొంత వివరంగా చెబుతాను.

2021 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఆ జట్టు టాంపా బే చేతిలో 31-9తో ఓడిపోయింది. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌కు రెండు అంచుల్లో నిలిచే ప్రధాన టాకిల్స్ ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్ ఇద్దరూ గాయాలతో ఆ మ్యాచ్‌కు దూరమయ్యారు, క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఆ రాత్రంతా ప్రత్యర్థుల నుంచి తప్పించుకుంటూ పరుగెత్తవలసి వచ్చింది. టాకిల్, గార్డ్, సెంటర్‌లు ఉండే ఆ ఆఫెన్సివ్ లైన్ మొత్తం కొత్తగా కట్టుకోవలసిన స్థితి. అయినా జట్టు ఆ భారాన్ని డ్రాఫ్ట్ మీద మోపలేదు. మార్చిలో గార్డ్ జో థూనీని తెచ్చుకుంది. డ్రాఫ్ట్‌కు కొద్ది రోజుల ముందు, తన మొదటి రౌండ్ ఎంపికతో పాటు మరికొన్ని ఎంపికలు బాల్టిమోర్‌కు ఇచ్చి లెఫ్ట్ టాకిల్ ఓర్లాండో బ్రౌన్‌ను తీసుకుంది. ఆ మార్పిడిలోనే తిరిగి వచ్చిన 58వ ఎంపికతో డిఫెన్స్‌లో లైన్ వెనుక నిలిచే లైన్‌బ్యాకర్ నిక్ బోల్టన్‌ను, 63వ ఎంపికతో సెంటర్ క్రీడ్ హంఫ్రీని, ఆరో రౌండ్‌లో 226వ ఎంపికతో గార్డ్ ట్రే స్మిత్‌ను తీసుకుంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన వైద్య చరిత్ర కారణంగా స్మిత్ అంత వెనక్కి జారాడు. హంఫ్రీ, స్మిత్ ఇద్దరూ తొలి సీజన్‌లోనే అన్ని మ్యాచ్‌లలోనూ ప్రధాన ఆటగాళ్లుగా దిగారు.

మరుసటి సంవత్సరం పరిస్థితి ఇంకా క్లిష్టమైనది. మార్చి 2022లో చీఫ్స్ తమ అత్యుత్తమ వైడ్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) టైరీక్ హిల్‌ను మయామికి ఇచ్చి అయిదు ఎంపికలు తీసుకుంది. మొదటి రౌండ్‌లో రిసీవర్ తప్పనిసరి అనుకోవడం ఎవరికైనా సహజం. కానీ అప్పటికే ఫ్రీ ఏజెన్సీలో జూజూ స్మిత్-షుస్టర్, మార్కెజ్ వాల్డెస్-స్కాంట్లింగ్ అనే రిసీవర్లు జట్టులో చేరారు. ఆ తొందర లేకపోవడం వల్ల, ప్రత్యర్థి రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్ ట్రెంట్ మెక్‌డఫీని 21వ ఎంపికతో, అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే ఎడ్జ్ రషర్ జార్జ్ కార్లాఫ్టిస్‌ను 30వ ఎంపికతో తీసుకోగలిగింది. రిసీవర్ స్కై మూర్ కోసం 54వ ఎంపిక వరకు ఆగగలిగింది. ఆ సంవత్సరపు మొత్తం పది ఎంపికల్లో అయిదు కార్నర్‌బ్యాక్‌లకు, డిఫెన్స్‌లో అందరికంటే వెనుక నిలిచే సేఫ్టీలకు వెళ్లాయి, ఎందుకంటే చార్వేరియస్ వార్డ్, టైరన్ మాథ్యూ వెళ్లిపోయిన ఆ విభాగంలో ఒకరిద్దరితో తీరే అవసరం కాదది. ఏడో రౌండ్‌లో 251వ ఎంపికగా వచ్చిన బంతి పట్టుకొని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఐజయా పచెకో, 2023 ఫిబ్రవరిలో ఈగల్స్‌పై 38-35తో గెలిచిన సూపర్ బౌల్‌లో జట్టు ప్రధాన రన్నింగ్ బ్యాక్.

ఫ్రీ ఏజెంట్లను తెచ్చుకునేటప్పుడు ఒక సంగతి మరచిపోకూడదు. తెచ్చుకున్నవారి కంటే విలువైనవారిని పోగొట్టుకున్న జట్లకు లీగ్ మరుసటి ఏడాది మూడు నుంచి ఏడు రౌండ్ల మధ్య పరిహార ఎంపికలు ఇస్తుంది. పాత జట్టు ఒప్పందం రద్దు చేసి వదిలేసిన ఆటగాడిని తీసుకుంటే ఆ లెక్కకు నష్టం రాదు. 2000లో క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ దొరికిన 199వ ఎంపిక అటువంటి పరిహార ఎంపికే.

బోర్డు కట్టే పద్ధతి

చిట్టా సిద్ధమయ్యాక దాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆటగాళ్ల బోర్డు, అంటే డ్రాఫ్ట్‌కు వచ్చేవారిని గ్రేడ్ల ప్రకారం పేర్చిన జాబితా, కట్టాలి. ఈ క్రమం ముఖ్యం. అవసరాన్ని కళ్ల ముందు పెట్టుకొని ఆటగాళ్లను చూస్తే, మనకు కావలసిన స్థానంలో ఉన్నవాడు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తాడు. కాలేజీ మ్యాచ్‌ల వీడియోలు, ఇండియానాపోలిస్‌లో జరిగే కంబైన్ అనే పరీక్షల శిబిరంలోని కొలతలు, వైద్య నివేదికలు, ముఖాముఖి మాటలు అన్నీ చూసి ప్రతి ఆటగాడికీ ఒక గ్రేడ్ వేయాలి. ఆ తరువాత ఒకే స్థాయి గ్రేడ్ ఉన్నవారిని ఒక అంతస్తుగా చేర్చాలి. చిట్టాను మళ్లీ తెరవవలసింది అప్పుడే. ఒకే అంతస్తులో ఇద్దరు ముగ్గురు మిగిలి ఉన్నప్పుడు వారిలో ఎవరిని తీసుకోవాలో అవసరం నిర్ణయించవచ్చు. పై అంతస్తువాడిని వదిలి కింది అంతస్తుకు దిగమని మాత్రం అవసరం చెప్పకూడదు.

1996లో బాల్టిమోర్ రేవెన్స్ ఈ నియమానికి గట్టి పరీక్ష ఎదుర్కొంది. జట్టు క్లీవ్‌ల్యాండ్ నుంచి తరలి వచ్చిన తొలి సంవత్సరం, మొదటి డ్రాఫ్ట్. నాలుగో ఎంపిక వచ్చేసరికి యజమాని ఆర్ట్ మోడెల్ మొగ్గు రన్నింగ్ బ్యాక్ లారెన్స్ ఫిలిప్స్ వైపు ఉంది. జట్టులో ఆటగాళ్ల ఎంపిక చూసే ఓజీ న్యూసమ్ మాత్రం బోర్డులో అందరికంటే పైన ఉన్న టాకిల్ జోనథన్ ఆగ్డెన్‌ను తీసుకున్నాడు. అప్పటికే లెఫ్ట్ టాకిల్‌గా టోనీ జోన్స్ ఉన్నందువల్ల ఆగ్డెన్ తొలి ఏడాది గార్డ్‌గా ఆడాడు; తరువాత లెఫ్ట్ టాకిల్‌గా హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. అదే రౌండ్ 26వ ఎంపికతో ఆ జట్టుకు రే లూయిస్ దొరికాడు. ఫిలిప్స్ కెరీర్ కొద్ది సీజన్లలోనే ముగిసిపోయింది.

స్థానాల వెల, ఆ ఏటి పంట

లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తరువాత కొత్తవారి జీతం దాదాపు పూర్తిగా ఎంపిక సంఖ్యను బట్టే ఉంటుంది, స్థానాన్ని బట్టి కాదు. అంతకుముందు ఏడాది మొదటి ఎంపిక శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దొరికితే, 2011 మొదటి ఎంపిక క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లు వచ్చాయి. దీని ఫలితం స్పష్టం. బయటి మార్కెట్‌లో వెల ఎక్కువ పలికే క్వార్టర్‌బ్యాక్, ఎడ్జ్ రషర్, లెఫ్ట్ టాకిల్, వైడ్ రిసీవర్, కార్నర్‌బ్యాక్ స్థానాలకు తొలి ఎంపికలు వాడితే మిగిలే డబ్బు ఎక్కువ. రన్నింగ్ బ్యాక్, సేఫ్టీ వంటివారిని తరువాతి రౌండ్లలో వెదకవచ్చు. అయితే దీన్ని మూఢంగా పాటించవలసిన పని లేదు. డెట్రాయిట్ లయన్స్ 2023లో ఆరో స్థానం నుంచి 12కు దిగి రన్నింగ్ బ్యాక్ జమీర్ గిబ్స్‌ను, 18వ ఎంపికతో లైన్‌బ్యాకర్ జాక్ క్యాంప్‌బెల్‌ను తీసుకున్నప్పుడు విమర్శలు వెల్లువెత్తాయి, కానీ వారిద్దరూ ఆ జట్టుకు స్తంభాలయ్యారు.

ఏ స్థానంలో ఆ ఏడాది ఎంతమంది మంచివారు ఉన్నారన్నది కూడా చూడాలి. పంట బాగా పండిన స్థానంలో ఆలస్యంగా తీసుకున్నా గింజ దొరుకుతుంది, కరువున్న స్థానంలో దొరకదు. 2024లో తొలి 12 ఎంపికల్లో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లారు. డిఫెన్స్ ఆటగాడి పేరు వినిపించింది 15వ ఎంపికలోనే, ఇండియానాపోలిస్ కోల్ట్స్ లైయాటు లాటును తీసుకున్నప్పుడు. క్వార్టర్‌బ్యాక్ అవసరం లేని జట్టుకు అటువంటి సంవత్సరం వరం, ఎందుకంటే ఇతరుల తొందర వల్ల తమ బోర్డులోని పైవారు తమ దాకా వస్తారు.

స్థానం మార్చుకునే బేరం

ముందుకు ఎగబాకాలా, వెనక్కి దిగాలా అన్న లెక్కకు డాలస్ కౌబాయ్స్‌లో కోచ్ జిమ్మీ జాన్సన్ కాలంలో తయారైన విలువల పట్టిక నేటికీ ఒక కొలబద్ద. అందులో మొదటి ఎంపికకు 3000 పాయింట్లు, 32వ ఎంపికకు 590. పైన చెప్పిన మెక్‌డఫీ కోసం చీఫ్స్ 29, 94, 121 ఎంపికలను న్యూ ఇంగ్లండ్‌కు ఇచ్చింది. పట్టిక ప్రకారం అవి 640, 124, 52, మొత్తం 816. ప్రతిగా వచ్చిన 21వ ఎంపిక విలువ 800. దాదాపు సరితూగిన బేరం.

కానీ ఆ పట్టిక తొలి ఎంపికలకు అర్హతకు మించిన విలువ ఇస్తుందని ఆర్థికవేత్తలు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ చేసిన పరిశోధన చూపించింది. ఒక స్థానంలో ముందు ఎంపికైనవాడు, అదే స్థానంలో అతని వెంటనే ఎంపికైనవాడి కంటే మెరుగ్గా రాణించే అవకాశం సగం కంటే కాస్త మాత్రమే ఎక్కువని వారు గుర్తించారు. అందుకని నేనైతే ఒక అంతస్తులో అయిదారుగురు మిగిలి ఉంటే వెనక్కి దిగి అదనపు ఎంపిక సంపాదించుకుంటాను, అంతస్తులో ఒక్కడే మిగిలినప్పుడు మాత్రమే ఎగబాకుతాను. క్వార్టర్‌బ్యాక్ విషయం వేరు. 2017లో చీఫ్స్ 27 నుంచి 10కి ఎగబాకడానికి మూడో రౌండ్ ఎంపికను, మరుసటి ఏటి మొదటి రౌండ్ ఎంపికను బఫలోకు ఇచ్చి మహోమ్స్‌ను తీసుకుంది. ఆ స్థానంలో నమ్మకం కుదిరితే పట్టిక చూసి వెనకాడకూడదు.

ఆ మూడు రోజులు

ప్రతి వంతుకూ గడియారం ఉంటుంది, రౌండ్లు ముందుకు సాగేకొద్దీ వ్యవధి తగ్గుతుంది. 2003లో మిన్నెసోటా వైకింగ్స్ ఏడో వంతులో బేరం తేల్చుకునేలోపే సమయం అయిపోవడంతో రెండు జట్లు ముందుకు దూకాయి. వైకింగ్స్ తొమ్మిదో పేరుగా కెవిన్ విలియమ్స్‌ను తీసుకుంది, అదృష్టవశాత్తు అతను గొప్పగా ఆడాడు. కాబట్టి మన వంతుకు ముందు ఎన్ని వంతులు మిగిలి ఉన్నాయో అన్ని పేర్లకు మరో రెండు పేర్లు చేర్చి ముందే వరుసగా రాసి ఉంచుకోవాలి. బేరానికి ఎవరు ఫోన్ చేస్తే ఏ ధరకు ఒప్పుకోవాలో కూడా అప్పుడే నిర్ణయించుకోవాలి.

శనివారం జరిగే నాలుగు నుంచి ఏడు రౌండ్లలో లెక్క మారుతుంది. అక్కడ అంతస్తులు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అవసరానికి, బంతిని కాలితో తన్నే సందర్భాల్లో దిగే స్పెషల్ టీమ్స్‌లో ఉపయోగపడే గుణానికి ఎక్కువ బరువు ఇవ్వవచ్చు. చివరి ఎంపిక ముగిసిన నిమిషం నుంచి, ఎవరూ ఎంచుకోని ఆటగాళ్ల కోసం ఫోన్లు మొదలవుతాయి. తరువాత క్వార్టర్‌బ్యాక్‌లుగా పేరు తెచ్చుకున్న కర్ట్ వార్నర్, టోనీ రోమో ఇద్దరూ డ్రాఫ్ట్‌లో పేరు వినిపించని వారే. ఏ జట్టులో తమ స్థానానికి పోటీ తక్కువగా ఉందో చూసి ఆ కుర్రాళ్లు జట్టును ఎంచుకుంటారు. అందువల్ల చిట్టాలో ఇంకా ఖాళీగా మిగిలిన వరుసను వారికి నిజాయితీగా చూపించగల జట్టుకు ఆ సాయంత్రం మంచివారు దొరుకుతారు.