పాత్ర ఎటూ తేల్చుకోలేకపోతుంటే

కథ రాస్తుంటే, పాత్ర మథనపడే చోట రాత ఆగిపోతే దాని మనసులోకి ఇంకా లోతుగా దిగకండి. బయటి నుంచి ఒక మనిషిని ఆ ఇంటికి పంపండి.

ఒక రైతు ఉన్నాడనుకుందాం. తండ్రి ఇచ్చిన 2 ఎకరాలు అమ్మి కూతురి చదువుకు కట్టాలా వద్దా అని నలిగిపోతున్నాడు. "అతని మనసు రెండుగా చీలిపోయింది" అని రాస్తే తర్వాతి వాక్యం దొరకదు. అదే, కొనేవాడు అడ్వాన్సు పట్టుకొచ్చి అరుగు మీద కూర్చుంటే? రైతు డబ్బు తీసుకోడు, వద్దనీ అనడు. టీ తాగి వెళ్లమంటాడు. పొలం పాస్‌బుక్కు ఎక్కడ పెట్టానో గుర్తులేదంటాడు. అబద్ధం, పెట్టెలో పైనే ఉంది. సంఘర్షణంతా ఆ అబద్ధంలో కనబడుతుంది, ఇక వివరించక్కర్లేదు.

గడువు కూడా పెట్టండి. ఫీజుకు సోమవారమే ఆఖరు.

అప్పటికీ కదలకపోతే అమ్మేశాక తెల్లవారిన ఉదయం ఒక పేరా, అమ్మకుండా ఉండిపోయిన ఉదయం ఒక పేరా రాసి చూడండి. ఏది రాస్తుంటే మీకే గొంతు పట్టేస్తుందో, నా అనుభవంలో కథ చాలాసార్లు అటే నడుస్తుంది. మిగిలిన పేరా మాత్రం పారేయకండి. పాత్ర రాత్రిళ్లు ఆలోచించేది దాని గురించే, అందులో వాక్యాలు ముందు పేజీల్లో పనికొస్తాయి.